బత్తాయిలు వద్దు, తోడు రండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చండూరు దగ్గర ఒక ఊరు. నేను మహిళా సంఘం లీడర్‌ని. సంఘంలో పన్నెండు మందిమి ఉన్నాం. అందులో ఒకామె భర్తకు నిరుడు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నలభై రెండేళ్ల మనిషి. మొదట హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రిలో లక్షన్నర అయింది, అది మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు నల్గొండ పెద్దాసుపత్రికి డయాలసిస్‌కు పోతున్నాడు. పొద్దున ఏడింటి షిఫ్టు. ఆ టైముకు బస్సు లేదు. ఆటోకు పోను రాను ఏడు వందలు. ఊరివాళ్లం కలిసి 38 వేలు చందా వేసి ఇచ్చాం. రెండు నెలల్లో అయిపోయాయి. మళ్లీ అడిగితే ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె మూడు నెలలుగా కిస్తీ కట్టలేదు. తీసేద్దామని ఇద్దరు ముగ్గురు అంటున్నారు. యూత్ పిల్లలేమో ఆయన మంచంలో ఉన్నది వీడియో తీసి, ఫోన్‌పే నంబరు పెట్టి వాట్సాప్‌లో తిప్పుదామంటున్నారు. వాళ్ల పిల్లగాడు ఇంటర్ సెకండియర్, చదువు మానేసి హైదరాబాద్‌కు పనికి పోతానంటున్నాడు. ఆమె ఈసారి బతుకమ్మకు కూడా రాలేదు. మేమంతా కూలి చేసుకునేవాళ్లమే. మాతో ఏమవుతుంది? వాళ్లింటికి పోతే ఏం మాట్లాడాలో కూడా తోచడం లేదు. పేరు వేయొద్దు.

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరంలో నా కన్ను ముందు ఆటో కిరాయి మీద పడింది. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

వారానికి మూడుసార్లంటే నెలకు పదమూడు ట్రిప్పులు. ఏడు వందల చొప్పున తొమ్మిది వేల పైచిలుకు. డయాలసిస్‌కైతే పైసా కట్టే పని లేదు, అది ఆరోగ్యశ్రీలో ఉంది. అంటే మీరు ఇల్లిల్లూ తిరిగి పోగు చేసిన డబ్బులో దాదాపు సగం ఆటోలోనే అయిపోయింది. మిగతాది ఉప్పుకూ పప్పుకూ, బయట కొన్న మందులకూ, వడ్డీకీ పోయి ఉంటుంది. లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు నాలుగున్నర వేలు మరి. వాళ్లు దుబారా చేశారని ఎవరైనా గొణుగుతుంటే ఈ లెక్క చెప్పు.

కాబట్టి మొదటి పని షిఫ్టు మార్పించడం. డయాలసిస్ సెంటర్లలో పొద్దున ఒక బ్యాచు, మధ్యాహ్నం ఒక బ్యాచు నడుస్తాయి. ఒక్కొక్కరికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం షిఫ్టు దొరికితే పోవడానికి బస్సు ఉంటుంది. రావడానికి చివరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోండి. రోగి అడిగితే “ఖాళీ లేదు” అని ఒక్క మాటలో అయిపోతుంది. నువ్వే ఒకరోజు వెంట వెళ్లు. టెక్నీషియన్‌తో, అక్కడి ఇన్‌ఛార్జితో మాట్లాడు. బస్సు టైములు కాగితం మీద రాసి, సంఘం ముద్ర వేసి ఇవ్వు. అప్పటికప్పుడు కాకపోవచ్చు. ఎవరో ఒకరు వేరే సెంటర్‌కు మారినప్పుడు బెడ్డు ఖాళీ అవుతుంది, అప్పటిదాకా వారం వారం గుర్తు చేస్తూనే ఉండాలి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు దారి చెప్పే ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. మీ ఊరికి దగ్గర్లో ఇంకెక్కడైనా సెంటర్‌లో చోటుందా అని అక్కడ కూడా అడగండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆమెకు ఖర్చు ఉండదు, ఆయన టికెట్టు సంగతి ఒక్కటే చూసుకోవాలి.

డయాలసిస్ అయ్యాక మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. సాయంత్రం బస్టాండ్‌లో ఆ జనంలో నిలబడి బస్సు ఎక్కడం ఆయనతో కాదు. తోడు వచ్చినవాళ్లు ముందే పరుగెత్తి కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపాలి. నవ్వకు. మా నాన్న మహబూబ్‌నగర్‌లో నాలుగేళ్లు డయాలసిస్ చేయించుకున్నాడు. ఆ నాలుగేళ్లలో మాకు అందిన పెద్ద సాయం ఏదంటే నేను మా పక్కింటి పిల్లగాడి ఎర్ర తువ్వాల పేరే చెబుతాను.

ఇక మనుషుల సంగతి. ఆమె కాక సంఘంలో మీరు పదకొండు మంది. నెలకు పదమూడు ట్రిప్పులు. అంటే నెలకు ఒక్కొక్కరికి ఒక్క రోజు, మహా అయితే ఇద్దరికి రెండు రోజులు వస్తాయి. ఆ రోజు మీలో ఒకరు ఆయనకు తోడు పోతే ఆమె కూలికి పోవచ్చు. పత్తి ఏరడానికో, కలుపుకో రోజుకు మూడు వందలే అనుకుందాం. పన్నెండు రోజులు పనికి పోగలిగితే నెలకు 3,600. ఏడాదికి 43,200. మీరంతా కలిసి ఇచ్చిన 38 వేలకన్నా ఎక్కువ, అదీ ఆమె చేతి సంపాదన. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులుకు పోతాం కదా, అట్లాంటిదే ఇది. చందా అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లు కూడా నెలకు ఒక్క రోజు అంటే కాదనరు. ఇది నేను చూసి చెబుతున్న మాట.

కానీ పరాయి మగమనిషి వెంట ఆడమనిషి పోతే ఊళ్లో నాలుగు నోళ్లు నాలుగు మాటలంటాయి. ఆ భయం నీకూ ఉండి ఉంటుంది, రాయలేదు అంతే. దానికి దారి ఉంది. సంఘంలో ఆయనను వరసకు తమ్ముడనీ అల్లుడనీ పిలిచే పెద్దవయసు వాళ్లు ఉంటారు, ముందు వాళ్లు పోతారు. మిగతావాళ్లు ఇద్దరిద్దరు పోవచ్చు, బస్సు ఎట్లాగూ ఫ్రీయే. ఇంకా ముఖ్యంగా, వీడియో తీద్దామని ఉబలాటపడుతున్న యూత్ పిల్లలు ఉన్నారు కదా. వాళ్లను పిలిచి “తమ్ముడూ, ఫోన్ పక్కన పెట్టు, వారానికి ఒక వంతు నీది” అని చెప్పు. వాళ్ల టికెట్ డబ్బు సంఘం పెట్టుకోవచ్చు. బస్సు దొరకని రోజున బండి మీద తీసుకుపోయేది కూడా వాళ్లే. బండి మీద ఒక్కడినే వెనక కూర్చోబెట్టుకుని తిరిగి తేవొద్దని మాత్రం గట్టిగా చెప్పు. దారిలో తూలి పడతాడు.

తోడు పోయేవాళ్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయన చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చిన్న ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం ఉంటే ఆ చేతిని పసిపాపలా చూసుకోవాలి. ఆ చేతితో సంచి మోయనివ్వొద్దు, ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, సూది వేయనివ్వొద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా సరే ఇదే మాట. సూదులు తీసిన చోట రక్తం ఆగిందో లేదో చూసుకున్నాకే బయల్దేరాలి. పెళ్లి ఉందని, దసరా అని, వాన పడుతోందని ఒక వంతు మానేయడం అసలు వద్దు. మానేసిన రాత్రే ఆయాసం రావచ్చు, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటారు. అట్లా అయితే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు బత్తాయిల గురించి. మన నల్గొండ వైపు రోగిని చూడ్డానికి పోతూ ఉత్త చేతులతో ఎవరూ పోరు. తోట ఉన్నవాళ్లయితే బత్తాయిలు, లేనివాళ్లు బస్టాండ్‌లో డజను అరటిపండ్లు, ఇంకా ప్రేమ ఎక్కువైతే కొబ్బరి బోండాం. మా మేనత్త దేవరకొండ నుంచి మా నాన్నను చూడ్డానికి వచ్చింది. సంచి నిండా బత్తాయిలు. “సూడు ఎట్ల ఎండిపోయిండో” అని కండ్లనీళ్లు పెట్టుకుని, కూర్చుని స్వయంగా రసం పిండి రెండు గ్లాసులు తాగించింది. నాన్న కూడా దాహం మీద ఉన్నాడేమో, ఎన్నాళ్లకో దొరికినట్టు గటగటా తాగాడు. మర్నాడు మధ్యాహ్నానికి కాళ్లు లేవలేదు. గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. అంబులెన్సులో తీసుకుపోతే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న “ఏం తాగించారు?” ఇంటికొచ్చి చూస్తే మంచం కింద ఆ గ్లాసు అట్లాగే ఉంది, అడుగున రెండు గింజలు అంటుకుని. నాన్న ఆ గండం గడిచి బయటపడ్డాడు గానీ మేనత్త ఆ తర్వాత బత్తాయి ముట్టలేదు.

కారణం పొటాషియం. కిడ్నీలు బాగుంటే తిన్నదాంట్లో ఎక్కువైన పొటాషియాన్ని మూత్రంలో బయటికి పంపేస్తాయి. అవి పనిచేయనప్పుడు మళ్లీ డయాలసిస్ అయ్యేదాకా అది ఒంట్లోనే పేరుకుంటుంది, మోతాదు మించితే గుండెనే ఆపేస్తుంది. పండ్లరసాలు, కొబ్బరినీళ్లు, అరటిపండ్లు అందుకే ప్రమాదం. బీపీకి మంచిదని షాపుల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పు కూడా వద్దు, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియాన్నే. నీళ్లకు కూడా లెక్క ఉంటుంది. రోజుకు ఎంత తాగాలో డాక్టర్ చెప్పిన కొలత ఒక సీసాలో పోసి పెట్టుకుంటారు, మజ్జిగ, చాయ్, పచ్చిపులుసు అన్నీ ఆ లెక్కలోకే. మే నెల ఎండలో ఆ సీసా వంక చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆ ఇంట్లో వాళ్లకే తెలుసు. మీరు పోయినప్పుడు “ఒక్క గ్లాసు తాగు తమ్ముడూ, ఏం కాదు” అని బలవంతం చేయకపోవడమే పెద్ద మర్యాద.

మరి ఏం తీసుకుపోవాలి? కోడిగుడ్లు. డయాలసిస్‌లో ఒంట్లోని ప్రొటీన్ కొంత పోతుంది కాబట్టి గుడ్డు తెల్లసొన తినమని చెబుతారు. ఎన్ని తినాలో అక్కడి డాక్టర్‌నే అడగండి. బియ్యం రేషన్‌లో వస్తాయి. కరువైనవి నూనె, సబ్బులు, పిల్లగాడి బస్‌పాస్ పైసలు, గ్యాస్ బండ. చందా వేయాలనుకుంటే తలా యాభై రూపాయలు వేసి నెలనెలా ఒకే తారీఖున ఆ ఇంటికి గుడ్లూ నూనే పంపండి. ఒకేసారి ఐదు వేలు ఇస్తే అవి వడ్డీ వ్యాపారి గల్లాలోకి పోతాయి. గుడ్ల ట్రేను ఏ అప్పులవాడూ ఎత్తుకుపోడు.

కిస్తీ విషయంలో గొణుగుతున్నవాళ్లను తప్పు పట్టకు. కిస్తీలు టైముకు కడితేనే వడ్డీ లేని రుణం లెక్క. ఒకరు ఆపితే పన్నెండు మంది పాసుబుక్కు మీద మచ్చ పడుతుంది. వాళ్ల కడుపు మంట న్యాయమైనదే. అయితే తీసేస్తే ఏమవుతుందో వాళ్లకు చెప్పావా? బ్యాంకు అప్పు ఇచ్చింది సంఘానికి. ఆమె పేరు కొట్టేసినా ఆ బాకీ మిగిలిన పదకొండు మంది మీదే ఉంటుంది. పైగా ఇక కట్టాల్సిన బంధం కూడా ఆమెకు ఉండదు. తీసేయడం వల్ల డబ్బు పరంగా కూడా మీకే నష్టం.

నా మాట వింటే మీటింగ్ పెట్టి, ఆమెను పిలిచి, పుస్తకంలో తీర్మానం రాయండి. ఆరు నెలల పాటు ఆమె కిస్తీలో ఎంత భాగం సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పుగా కడతారో, ఆమె చేతి నుంచి ఎంత వస్తుందో అంకెలతో ఉండాలి. ఆటో ఖర్చు తగ్గి, ఆమె పనికి పోవడం మొదలైతే వందో రెండు వందలో ఆమే కట్టగలదు, కట్టనివ్వండి. గ్రామ సమాఖ్య లెక్కలు చూసే వీఓఏకూ, మండలం నుంచి సంఘాలను చూసుకునే సీసీకీ చెప్పండి. బ్యాంకు మేనేజర్‌కు నాలుగో కిస్తీ తప్పక ముందే మీ అంతట మీరు పోయి చెప్పండి. ముందే పోయి చెప్పినవాళ్లతో మాట్లాడే తీరు వేరేగా ఉంటుంది. ఒకటి మాత్రం చేయకండి. ఆయన వైద్యానికని సంఘం పేరు మీద కొత్త అప్పు తీయొద్దు, ఆ మూడు రూపాయల వడ్డీ బాకీని సంఘం నెత్తికి ఎత్తుకోవద్దు. వారం వారం గుమ్మం ముందు నిలబడే ప్రైవేటు ఫైనాన్సు జోలికి ఆమెను పోనివ్వొద్దు. వడ్డీకి ఇచ్చినాయన మీ చుట్టుపక్కలవాడే అయి ఉంటాడు. ఇద్దరు పెద్దమనుషులను తీసుకుని పోయి, ఇక మీద వడ్డీ ఆపి అసలు కొద్దికొద్దిగా తీసుకోమని అడగండి. ఊరి ముఖం చూసి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అడగడంలో పోయేదేముంది.

కాగితాల పని ఒకరికి అప్పగించండి. మా ఇంట్లో రిపోర్టులన్నీ చీరల షాపు కవర్లో మడతలు పడి ఉండేవి. ఒకసారి డిశ్చార్జి సమ్మరీ కనబడక అవే పరీక్షలు మళ్లీ చేయించాం. పాతిక రూపాయల ప్లాస్టిక్ ఫైలు కొని ఉంటే సరిపోయేది. ఈ పనికి సరైనవాడు వాళ్ల పిల్లగాడే. ఒక నోటుబుక్కులో తారీఖు, డయాలసిస్‌కు ముందు బరువు, తర్వాత బరువు, బీపీ రాసిపెట్టమను. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎంత పెరిగిందనేది డాక్టర్ తప్పక అడుగుతాడు. హైదరాబాద్‌లో పని చేసి నెలకు పది వేలు పంపిద్దామని వాడి ఆలోచన కావచ్చు. మా పాలమూరులో ఇట్లా చదువు మధ్యలో వదిలి పనికి పోయిన పిల్లలు ఎందరో. తర్వాత తిరిగి కాలేజీ గడప తొక్కినవాళ్లు మాత్రం నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇంటర్ పరీక్షలు రాసేదాకా ఆగమని వాడికి ఇష్టమైన సారుతో చెప్పించండి. తల్లి చెబితే వినడు, ఆ వయసు అట్లాంటిది.

ఆ ఫైలులో ఉండాల్సిన దరఖాస్తులు రెండు. ఒకటి పింఛను. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇప్పుడు చేయూత అంటున్నారు. పంచాయతీ కార్యదర్శి ద్వారా గానీ ఎంపీడీఓ ఆఫీసులో గానీ దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. మంజూరుకు తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు రోగి కుటుంబానిది కాకుండా సంఘం లీడర్‌గా నీదైతే మేలు. రెండోది ముఖ్యమంత్రి సహాయనిధి. మొదట్లో ప్రైవేటులో చేతి నుంచి పెట్టిన లక్షన్నరకు ఒరిజినల్ బిల్లులు ఉన్నాయా? ఉంటే ఆలస్యం చేయకుండా ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టండి. పెట్టేముందు అన్నీ జిరాక్స్ తీసుకోండి. ఆరోగ్యశ్రీలో అయిన వైద్యానికి ఇది రాదు, చేతి నుంచి కట్టినదానికే. చెక్కు వస్తే పెట్టిందంతా రాదు గానీ, వచ్చింది వచ్చినట్టు ఆ వడ్డీ అప్పు అసలులో పడేయాలి.

ఆరోగ్యశ్రీ అంటే గుర్తొచ్చింది. అది 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఇన్నేళ్లయినా, ఏ జబ్బుకు వర్తిస్తుందో తెలియక ముందు ప్రైవేటుకు పోయి అప్పులపాలయ్యాకే ఇటు వచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మీ సంఘంలో మళ్లీ ఎవరికైనా ఆపద వస్తే ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే 104కు ఫోన్ చేసి అడగాలని మీటింగ్‌లో ఒక మాట అనుకోండి.

వీడియో మాటకొస్తే, ముందు ఆయన్ను అడిగారా? అడిగి ఉండరు. లుంగీ చెదిరి, ముఖం వాచి మంచంలో ఉన్న మనిషిని చుట్టాల ఫోన్లన్నిటిలోకీ పంపితే, రేపు కాస్త కోలుకుని చండూరు అంగడికి పోయినప్పుడు ఆయన తల ఎత్తుకుని నడవాలి కదా. కాలేజీలో పిల్లగాడి ఫోన్‌కు కూడా అదే వీడియో వస్తుంది. మన నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బాధితులు వంకర్లు తిరిగిన కాళ్లూ చేతులూ లోకానికి చూపించారు నిజమే. కానీ వాళ్లు ఊరందరికీ మంచినీళ్లు కావాలని తమంతట తాము ముందుకొచ్చి చూపించారు. దానికీ, మంచాన ఉన్న ఒకాయన్ను క్యూఆర్ కోడ్ పక్కన పెట్టడానికీ చాలా దూరం ఉంది. పైగా ఇట్లాంటి వీడియోకు డబ్బు ఒక్కసారే వస్తుంది, రెండో నెల చూసినవాళ్లే మళ్లీ చూడరు. అయినా ఫలానా పరీక్షకో ఆపరేషన్‌కో పెద్ద మొత్తం కావాల్సి వచ్చి ఆయనే సరే అంటే, ముఖం లేకుండా, ఎంత కావాలో ఎందుకు కావాలో రాసి, డబ్బు నేరుగా వాళ్ల ఖాతాకే పోయేలా అడగండి. వచ్చిన లెక్క గ్రామ సమాఖ్య మీటింగ్‌లో చదవండి.

ఇట్లా మామూలు మనుషులు వంతులు వేసుకుని రోగిని చూసుకోవడం కేరళలో చాలా ఏళ్లుగా నడుస్తోంది. కోజికోడ్‌లో 1993లో డాక్టర్లు మొదలుపెట్టిన పని తర్వాత ఊళ్లకు పాకింది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగిన దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు ఇళ్లకు పోయి మంచాన పడ్డవాళ్లను చూస్తారు. మనకూ జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ సెంటర్లు, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే చోట్లు వచ్చాయి, కేన్సర్‌తో మంచం పట్టినవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే అక్కడ అడగండి.

ఇంకొకటి, నువ్వు అడగకపోయినా చెబుతాను. కిడ్నీలు పాడవడానికి ఎక్కువగా షుగరు, బీపీ కారణం. దానికి తోడు మీ వైపు కీళ్లనొప్పులు ఎక్కువ, నొప్పుల గోళీలు షాపులో కొని ఏళ్ల తరబడి మింగేవాళ్లు ఎక్కువ. ఆ గోళీలు కూడా కిడ్నీని తింటాయి. మీ పన్నెండు మందిలో బీపీ చూపించుకున్నవాళ్లు ఎందరు? ముప్పై దాటిన అందరికీ సబ్‌సెంటర్‌లో, పల్లె దవాఖానలో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు, మాత్రలూ ఇస్తారు. పొదుపు కట్టే రోజున ఆశా వర్కర్‌ను, ఏఎన్ఎంను మీటింగ్‌కే రమ్మనండి. పుస్తకంలో పొదుపు పక్కన బీపీ అంకె కూడా రాసుకోండి. రెండు నెలలు మాత్రలు వేసుకుని బాగానే ఉందని మానేసేవాళ్లను పట్టుకోవడం ఆశా కన్నా మీకే సులువు, ఎందుకంటే మీరు బావి దగ్గరా చేనులోనూ రోజూ కనబడతారు.

మూడు నెలలకు కొందరు జారుకుంటారు. పత్తి మీద పని ఎక్కువైతే వంతులు తప్పుతాయి. అప్పుడు తిట్టుకోకుండా కూర్చుని వంతులు మళ్లీ రాసుకోండి. మార్పిడి ఆపరేషన్ కుదిరితే తప్ప డయాలసిస్ ఇక ఉన్నన్నాళ్లూ ఉంటుంది. దాని గురించి, చనిపోయినవాళ్ల అవయవాలను అవసరమైనవాళ్లకు అందించే జీవన్‌దాన్ పథకంలో పేరు రాయించడం గురించి కిడ్నీ డాక్టర్‌నే అడగమనండి. ఆమె ఒంట్లో కూడా ఓపిక కొలతగానే ఉంటుంది. బతుకమ్మకు రాలేదన్నావు. వచ్చే ఏడు పిలిచి ఊరుకోకుండా ఇద్దరు పోయి ఆ ఇంట్లోనే పూలు పేర్చండి. ఆ పూట ఆయన దగ్గర ఇంకెవరైనా కూర్చుంటారు.

చివర్న ఏం మాట్లాడాలని అడిగావు. జబ్బు గురించి మాత్రం మాట్లాడొద్దు. ఎట్లా ఉంది, ఏమన్నారు, ఇంకెన్నాళ్లు అని రోజుకు పది మంది అడుగుతారు ఆయన్ను. మా నాన్న దగ్గరికి ఒక పాత సోపతి వచ్చేవాడు. రాగానే గోడకు ఆనుకుని కూర్చుని, “ఏం రా, ఈసారి కందికి పురుగు పడ్డది, ఏం కొట్టమంటవ్?” అని అడిగేవాడు. నాన్న అప్పటికి మూడేళ్లుగా చేను ముఖం చూడలేదు. అయినా దిండు సర్దుకుని లేచి కూర్చుని, ఏ మందు, ఎన్ని ట్యాంకులు, పొద్దున కొట్టాలా సాయంత్రమా అని అరగంట చెప్పేవాడు. ఆ సోపతికి అసలు కంది చేనే లేదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.